సర్కారు బడిలో శుక్రవారం ఇంగ్లీషు

ఈసా టౌన్, బహ్రెయిన్
శుక్రవారం సాయంత్రం

నాగమణి అక్కకు,

నీ చెల్లెలు సత్యవతి చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ దగ్గు తగ్గిందా? తగ్గితే తగ్గిందని రాయి, తగ్గకపోతే తగ్గలేదని రాయి. నాకు బెంగ పెట్టకూడదని దాచిపెట్టకు. నా కూతుర్ని నీ ఒళ్ళో పెట్టి వచ్చాను కాబట్టే ఇక్కడ నాకు నిద్ర పడుతోంది. పద్మకు పరీక్షలు దగ్గరికొచ్చాయి. దానికి పొద్దున్నే లేవడం బద్ధకం. ముఖం మీద నీళ్ళు చల్లయినా లేపు, మీ అమ్మే చల్లమందని చెప్పు.

నా గురించి దిగులు పడవద్దు. చలి పోయింది, ఎండలు ఇంకా ముదరలేదు. గాలి లేస్తే మాత్రం పొద్దున తుడిచిన ఇల్లు మధ్యాహ్నానికి సన్న ఇసుకతో గరగరలాడుతుంది. మా మేడం బ్యాంకులో డ్యూటీకి పోతుంది, పిల్లలిద్దరూ బడికి పోతారు. ఇల్లు ఖాళీ అయినప్పుడు ఒక్కోసారి గుండెలో ఏదో అయినట్టుంటుంది. అప్పుడు రేడియో పెట్టుకుని చేపలు బాగు చేసుకుంటాను. ఇక్కడి చేపలు మన గోదావరి చేపలంత రుచి కావుగానీ, చింతపండు పులుసు పోసి మరిగిస్తే అన్నీ మన చేపలే. మేడం పిల్లలు కూడా వేలితో రాసుకుని నాకుతున్నారు.

నీ ఉత్తరంలో ఒక మాట అడిగావు. "ఊరికే ఇంగ్లీషు ఎవరు నేర్పుతారే? దేశం కాని దేశం, దాని వెనకాల ఏముందో చూసుకో" అని. బావగారికి కూడా అదే అనుమానం అన్నావు. అందుకే ఈసారి ఆ సంగతంతా వివరంగా రాస్తున్నాను. కాస్త పొడుగైనా విసుక్కోకు.

మా ఇంటికి రెండు వీధుల అవతల ఆడపిల్లల సర్కారు బడి ఉంది. శుక్రవారం దానికి సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అందులో ఒక గది తెరిచి, బయటి దేశాల నుంచి పనికి వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు చెప్తారు. పంతులమ్మ జీతం సర్కారుది, కరెంటు సర్కారుది, సుద్దముక్క కూడా సర్కారుదే. మతం మార్చడం లేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టించుకోవడం లేదు. ఫోనులో ఎవరు ఏం చెప్పినా నేను సరిగ్గా చేరవేయడం లేదని మా మేడమే నన్ను తీసుకెళ్ళి చేర్చింది. ఆమె లాభం ఆమె చూసుకుంది, అందులో నా లాభం నాకు కలిసొచ్చింది.

పంతులమ్మ పేరు ఫాతిమా. ఇక్కడి మనిషే. నలభై దాటి ఉంటాయి, నల్లటి బురఖా, పెద్ద కళ్ళద్దాలు. మొదటి రోజు అందరూ ఏబీసీడీలు చెప్తుందనుకున్నాం. ఆమె బోర్డు మీద ఏమీ రాయకుండానే, "నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనే మాట ఇంగ్లీషులో మా చేత అనిపించింది. ఒక్కొక్కరినీ లేపి, వాళ్ళ ముందుకు వచ్చి గబగబా ఏదో అనేది. మేము అలవాటు కొద్దీ "ఎస్ మేడం" అనగానే, "ఏం ఎస్? నేనేమన్నాను?" అని నిలదీసేది. గదంతా నవ్వు. నాకైతే నవ్వు రాలేదక్కా. ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచీ నేను రోజంతా చేస్తున్న పని అదే కదా అనిపించింది. ఏమన్నా తల ఊపడం, తర్వాత భయపడుతూ ఊహించుకోవడం. అరబ్బీలో వంటింటి మాటలు నాలుగు వచ్చినా అవి వంటింటి గుమ్మం దాటవు.

ఇక సుగుణ సంగతి. సుగుణ ఎవరో నీకు తెలియదు. నరసాపురం దగ్గర పిల్ల. సీఫ్ అనే పేటలో కొత్తగా కట్టిన పెద్ద దుకాణాల భవనంలో నేలలు తుడిచే కంపెనీలో పని. ఇక్కడికి దగ్గర్లోనే నువైద్రాత్ అనే ఊళ్ళో కంపెనీ వాళ్ళ క్వార్టర్సులో ఉంటుంది. శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థనకు వచ్చి, అది అయ్యాక నన్ను చూడడానికి మా ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వస్తుంది. నేను క్లాసుకు రమ్మంటే, "నాకెందుకక్కా ఇంగ్లీసు? చీపురుకి ఇంగ్లీసొచ్చా?" అనేది.

నెలన్నర కిందట ఒక శుక్రవారం వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయి ఉంది.

"ఏమైందే?" అన్నాను.

"మెలి పెట్టేత్తందక్కా. నిన్ననే కంపెనీవోళ్ళు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మాత్తర్లిచ్చారు."

"డాక్టరు ఏమడిగాడు?"

"ఏమో. ఏదడిగినా ఎస్ అన్నాను. లేదంటే డూటీ పోద్దేమోనని బయమేసింది."

తర్వాత తెలిసింది, "ఇప్పుడు కాస్త తగ్గిందా?" అని అడిగితే కూడా ఈవిడ నవ్వుతూ ఎస్ అందట. ఆయన మాత్రం ఏం చేస్తాడు, మాత్రలిచ్చి పంపాడు.

నేను లోపలికి పరిగెత్తి మేడంతో చెప్పాను. ఆమె భోజనం మధ్యలో లేచి, చెయ్యి కడుక్కుని కారు తీసింది. మమ్మల్ని పెద్దాసుపత్రి దగ్గర దించి, పిల్లలు ఒంటరిగా ఉన్నారని వెనక్కి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నువ్వు మాట్లాడు సత్యా" అంది. అంతే అంది.

డాక్టరమ్మ వచ్చింది, పొట్ట మీద అక్కడక్కడ నొక్కుతూ అడిగింది. కుడివైపు కింద నొక్కగానే సుగుణ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అలవాటు పోలేదు, నవ్వుతూ "ఎస్, గుడ్" అంది.

"నవ్వకే!" అని అరిచాను. "నొప్పుంటే నొప్పని ఏడు! ఇక్కడ మర్యాద ఎవరికి కావాలి?"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. క్లాసులో ఒంటి భాగాల పేర్లు అప్పుడప్పుడే అయ్యాయి. నాకొచ్చిన ముక్కలన్నీ పోగు చేసుకున్నాను. నిన్నటి నుంచి నొప్పి, రెండుసార్లు వాంతి, తిండి లేదు, ఆమె ఎస్ అంటే నమ్మకండి, ఆమెకు భయం అని చెప్పాను. వ్యాకరణం ఏ గంగలో కలిసిందో తెలియదు. డాక్టరమ్మ ఏదో గబగబా అడిగితే, అర్థం కాలేదు, మెల్లగా చెప్పమన్నాను. ఆమె విసుక్కోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

మనవైపు ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, అదే. చీకటి పడక ముందే ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే లోపలే పేగు పగిలేదట. సుగుణ కళ్ళు తెరిచి మొదట అడిగింది, "అక్కా, డూటీ ఉందా పోయిందా?" అని. ఉందే తల్లీ, ఉంది అన్నాను. ఆ తర్వాత ఆసుపత్రి వరండాలోకి వచ్చి బాగా ఏడ్చానక్కా. భయం తీరాక వచ్చే ఏడుపు. నువ్వు ఉంటే నీ భుజం మీద ఏడ్చేదాన్ని.

ఆ పై శుక్రవారం క్లాసుకు వెళ్ళేసరికి, గుమ్మంలో కరీం భాయ్ ఎదురొచ్చాడు. బంగ్లాదేశ్ ఆయన, తోటపని చేస్తాడు, మా అందరిలో పెద్దవాడు. ముఖం వేలాడేసుకుని, "ఖలాస్ దీదీ. క్లాసు బంద్" అన్నాడు.

నిజమే. ఫాతిమా టీచర్ దాచకుండా చెప్పింది. ఈ క్లాసుకు సర్కారు ఇచ్చే డబ్బు ఆపేద్దామని పైన మాట నడుస్తోందట. వీళ్ళు రెండేళ్ళుండి పోయేవాళ్ళు, వీళ్ళకు చదువు చెప్పిస్తే మనకేం మిగులుతుంది, మన పిల్లల బడులకే బోలెడు కావాలి కదా అని కొందరు అంటున్నారట. తేల్చడానికి ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడట. "నా జీతం మాట కాదు. నాకు పగలు ఉద్యోగం ఉంది" అంది టీచర్. కానీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

నాకు ఆ వారమంతా పప్పులో ఉప్పు కుదరలేదు. వాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదక్కా. వాళ్ళ డబ్బు, వాళ్ళ దేశం. మన పంచాయతీలో ఎవరైనా పరాయి ఊరివాళ్ళకు బడి పెడతానంటే మనవాళ్ళు ఊరుకుంటారా? అలా అనుకుంటాను, అంతలోనే సుగుణ నవ్వుతూ "ఎస్, గుడ్" అనడం గుర్తొస్తుంది.

ఆఫీసరు వచ్చాడు. తెల్లటి పొడుగు చొక్కా, తలగుడ్డ, చేతిలో జపమాల. కోపిష్టి మనిషిలా లేడు. వెనక బల్ల మీద కూర్చుని కాసేపు పాఠం విన్నాడు. తర్వాత లేచి ముందుకొచ్చి మాతో మాట్లాడతానన్నాడు. కరీం భాయ్‌ని పేరు అడిగితే ఆయన కంగారుగా నోటుపుస్తకం తిరగేశాడు. మాతో చదివే శ్రీలంక అమ్మాయి తల దించేసుకుంది. అప్పుడు నా వైపు చూసి గబగబా ఏదో అన్నాడు. అందులో సర్కారు అనీ, రెండేళ్ళు అనీ మాత్రమే నాకు అందాయి.

లేచి నిలబడ్డాను. "సారీ సార్. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్, స్లో" అన్నాను.

ఆయన చేతిలో జపమాల ఆగింది. అదే ప్రశ్న మళ్ళీ, ఈసారి ఒక్కొక్క మాటే అడిగాడు. "మీరు రెండేళ్ళుండి వెళ్ళిపోతారు. సర్కారు మీ కోసం ఎందుకు ఖర్చు పెట్టాలి?" చివరి మాటకు వచ్చేసరికి నా ముఖం వైపు కాక బల్ల వైపు చూశాడు. గబగబా అంటే సులువుగా జారిపోయే మాట, ఎదుట మనిషిని పెట్టుకుని మెల్లగా అనడం కష్టమే అనిపించింది.

నేను చెప్పింది నీకు మన భాషలో రాస్తున్నాను. అక్కడ మాత్రం విరిగిన ముక్కల్లోనే చెప్పాను. "సార్, నేను పోతాను. నిజమే. నేను పోతే నా చోటికి ఇంకొక ఆడది వస్తుంది. మీ ఇంట్లో వంట ఆమే చేస్తుంది, మీ పిల్లల్ని ఆమే చూస్తుంది. మీరు డ్యూటీలో ఉంటారు. పిల్లాడికి ఫిట్స్ వస్తాయి. ఫోను పక్కనే ఉంటుంది. ఆమె ఏం మాట్లాడుతుంది సార్?"

తర్వాత సుగుణ సంగతి చెప్పాను. ఆ జబ్బు పేరు ఎంతకీ నోటికి రాలేదు. పొట్ట మీద కుడివైపు చెయ్యి పెట్టుకుని, కత్తితో కోసినట్టు చూపించాను. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. నవ్వు ఆపి, "ఆమె ఎలా ఉంది?" అని అడిగాడు.

"సీఫ్‌లో పని చేస్తోంది సార్. ఇప్పటికి తేలిక డ్యూటీ ఇచ్చారు."

"బాగా మాట్లాడావు" అన్నాడు. అని టీచర్‌తో అరబ్బీలో చాలాసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక కరీం భాయ్ లేచి, ఖాళీ గుమ్మం వైపు తిరిగి, "మై నేమ్ ఈజ్ కరీం!" అని గట్టిగా అన్నాడు. ఇప్పుడెందుకు భాయ్ అని అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

రెండు వారాలు ఏ కబురూ లేదు. తలుపు తీస్తారో తియ్యరో అనుకుంటూనే వెళ్ళేవాళ్ళం. పోయిన శుక్రవారం టీచర్ చెప్పింది. క్లాసు ఉంటుంది. ఈ ఏడాదికి డబ్బు ఇస్తారట, పై ఏడాది మాట మళ్ళీ చూస్తారట. ఒక షరతు పెట్టారు, గది నిండాలి. సగం గదికి జీతం ఇవ్వరట. అది సబబే. అప్పటి నుంచీ నాకు మనుషుల్ని పోగు చేయడమే పని. కూరగాయల దుకాణంలో, చెత్త వేసే చోట, బడి గేటు దగ్గర, మన మొహం కనిపిస్తే చాలు పట్టుకుంటున్నాను. ఇవాళ ఇద్దరు కాకినాడ వైపు ఆడవాళ్ళు వచ్చారు. మేడం తన చెల్లెలి ఇంట్లో పనిచేసే అమ్మాయిని కూడా పంపిస్తానంది. సుగుణ కూడా వచ్చి మొదటి వరసలో కూర్చుంది. కొత్తవాళ్ళకు మొదట కాసేపు తెలుగులో నన్ను విడమరచి చెప్పమంది టీచర్. చేతికి సుద్ద అంటింది అక్కా, నాకు! ఐదో తరగతిలో బడి మానేసిన నాకు.

బావగారితో చెప్పు, ఈ చదువు వెనకాల ఏమీ లేదని. ముందు మాత్రం చాలా ఉంది.

నాకేమీ పంపనక్కర్లేదు. కానీ మన ఊరి నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని ఎండు మెత్తళ్ళు, కాస్త మామిడి తాండ్ర గట్టిగా మూట కట్టి ఇవ్వు. మెత్తళ్ళ వాసన బయటికి రాకుండా కట్టు, లేకపోతే విమానంలో వాళ్ళు తిట్టుకుంటారు. పిల్లలకు గౌనుల గుడ్డ తీసి ఉంచాను.

వేసవిలో మేడం వాళ్ళు ఊరు వెళ్తారు. అప్పుడు నాకు రెండు నెలలు సెలవు. బావగారు బొంబాయి దాకా వచ్చి నన్ను తీసుకొస్తానన్నారని రాశావు. ఆయన మంచి మనసుకు నా దణ్ణాలు. కానీ రావద్దని చెప్పు. ఇక్కడికి వచ్చేటప్పుడు విమానంలో ఇచ్చిన కార్డు నింపలేక పక్క సీటు ఆమెను బతిమాలుకున్నాను. ఈసారి నా పేరు నేనే రాసుకుంటాను. విమానం దిగి, సామాను తీసుకుని, ఏ రైలు, ఏ ప్లాట్‌ఫారం అని అడుగుతాను. చెప్పింది అర్థం కాకపోతే ఇంకోసారి అడుగుతాను. అందరూ కలిసి రాజమండ్రి స్టేషన్‌కు మాత్రం రండి. పద్మను తప్పకుండా తీసుకురండి. పెట్టె చేత్తో పట్టుకుని నేను ఒక్కదాన్నే రైలు దిగడం అది చూడాలి.

బావగారికీ, అత్తయ్యగారికీ నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. పద్మకు నా ఆశీస్సులు. పెద్దలందరి దీవెనలు నా మీద ఉండాలని కోరుకుంటూ,

నీ చెల్లెలు
సత్యవతి