పసుపు గల్లీ, నీలం గల్లీ

మన ఊరు, బోధన్ తాలూకా
1971 ఫిబ్రవరి

పట్నంల పెద్ద మేడం అయిన చెల్లె విమలకు, నీ సిన్నప్పటి చీమిడి ముక్కు ఇంక మరువని అన్న రాసేది.

డిజైన్ బడికి నువ్వే పెద్దవంటె ఊర్లె నమ్ముతలేరు. "మీ చెల్లె ముగ్గులు నేర్పుతదా?" అని ఎర్రన్న అడిగిండు. "లే, నీ అసోంటోళ్ళకు ముగ్గు తొక్కకుంట నడిసుడు నేర్పుతది" అన్న. మూడో తరగతిల గోడ దుంకి ఉరికినోన్ని, నాకేమెరుక?

నువ్వు పెట్టిన అద్దకం షెడ్డుల రెండు గల్లీల ఆడోళ్ళు ఒక్క గాబుల్నే చేతులు ముంచుతున్నరు. కింది గల్లీ సాయవ్వ అచ్చు గుద్దితే ఇంత వంకర పోదు. హోలినాడు ఆఫీసర్లు వచ్చి మన పిడిగుద్దులాట సూస్తే, షెడ్డును పక్కా బడి చేస్తరంటివి. ఆ ఆటల ఏం సూస్తరే? తాడుకు ఇటు మీది గల్లీ, అటు కింది గల్లీ. దొరికినోని మూతి పలగ్గొట్టుడు. డప్పు ఆగంగనే అలాయి బలాయి. పోయినేడు నా పన్ను ఊడింది. అందరి మొఖాలకు గులాలే, ఎవడు గుద్దిండో ఇప్పటికి తెల్వది. అందుకే అందరికి నమస్తే పెడుతున్న.

ఇట్లు, బోసినోటి లింబాద్రి

హైదరాబాద్
మార్చి మొదటి వారం

ప్రియమైన అన్నా,

ఈ ఒక్కసారి జెర మాట విను. అందరు గులాల్ పూసుకుంటె ఎవరు ఏ దిక్కో సూసేటోళ్ళకు ఎట్ల తెలుస్తది? మీది గల్లీకి పసుపు రుమాళ్ళు, కింది గల్లీకి నీలం రుమాళ్ళు మన షెడ్డుల్నే అద్దిపియ్యి. గులాల్ ఆట అయినంక పూసుకుండ్రి. ఆఫీసర్లు మెచ్చుకుంటె సాయవ్వకు చెరుకు నరకవోయే బాధ తప్పుతది. తమాషలు చెయ్యకు, నా మీద ఒట్టు.

నీ విమల

మన ఊరు
హోలి ఎల్లినంక

చెల్లె విమలకు,

ఇయ్యాల నవ్వించే ముచ్చట్లు లేవు.

రుమాళ్ళు బగ్గ ముద్దుగున్నయి. కింది గల్లీ నర్సన్న గుద్దితే మీది గల్లీ ఎర్రన్న దవడ ఇరిగింది. ఎప్పటిలెక్కనైతే ఎవడో గుద్దిండనుకుంటుండె. ఈసారి నీలపోడు గుద్దిండని అందరు సూసిండ్రు. పసుపోళ్ళు నర్సన్నను కిందేసి, నోట్ల నెత్తురు వచ్చేదాక తన్నిండ్రు. డప్పు ఆగింది. ఎవ్వడు ఆగలే. నవ్వితెనన్న ఇడుస్తరేమోనని నడుమ దుంకి కోతిలెక్క ఎగిరిన. నా తలకాయ పలిగింది. ఆఫీసర్లు చప్పట్లు కొట్టిండ్రు, ఆట గిట్లనే ఉంటదనుకున్నరు.

తెల్లారి పసుపోళ్ళు చెరుకు కత్తులు తీసిండ్రు. సాయవ్వ మొగడు రాజలింగు చేన్ల నీళ్ళు మలుపుతుండె. ఎవ్వరినీ ఒక్క దెబ్బ కొట్టినోడు కాదు. ఎండకని నీలం రుమాలు తలకు సుట్టుకున్నడు. మెడ మీద ఒక్కటే ఏటు. నేనే ఇప్పిన ఆ రుమాలు. నీలం యాడ కూడ కనవడలే.

లింబాద్రి

హైదరాబాద్
మార్చి మూడో వారం

అన్నా,

షెడ్డుకు మంజూరు అయింది. ఏటేట ఆట గిట్లనే కావాల్నట, రంగులతోటి. మనిషి సచ్చిండని చెప్పిన. "అట్లాంటివి అయితుంటయి మేడం" అన్నరు. కాయిదం వాళ్ళ బల్ల మీదనే ఇడిసి వచ్చిన. బడి నౌకరి గూడ ఇడిసిన. ఆ రంగులు నా తలకాయల పుట్టినయే గద. షెడ్డుకు తాళమెయ్యి. ఉగాది ఎల్లినంక వస్త. సాయవ్వ కాళ్ళు పట్టుకుంట, తంతె తన్నని.

విమల

మన ఊరు
ఉగాది నాడు

చెల్లె,

తాళమేసిన. సాయవ్వ రాయితోటి పలగ్గొట్టింది. పోయి సూస్తే గాబుల నీలం కలుపుతున్నది.

"ఎవలికక్కా?" అన్న.

"మా మరుదులకు. మా గల్లీ అంతటికి. అవుతలోళ్ళు ఇండ్లల్లనే పసుపు అద్దుకుంటున్నరు, కనవడతలేదా?"

"మా విమల వస్తున్నది. నీ కాళ్ళు మొక్కుతదట."

నీలం కలిపే సెయ్యి ఆగలే.

"కాళ్ళేం వద్దు. గీ నీలం ఉతికితే పోతున్నది. పోకుంట ఎట్ల అద్దాల్నో నేర్పి పొమ్మను" అన్నది.

వస్తే రా. బస్సు దిగేటప్పుడు పసుపు చీర కట్టకు. నీలం కట్టకు.

నీ అన్న