తుడవని లెన్సు

చిరంజీవి మినోరికి,

ఒకాయాలో సరస్సు అంచున మంచు కరుగుతోంది. ఇంట్లో అందరం క్షేమమని రాయడం అలవాటు. ఇప్పుడున్నది నేనొక్కడినే. క్షేమమే.

ఆ రోజు నీకు రైలు అందలేదు. ఏం జరిగిందో రాయమన్నావు. పొద్దున అమ్మ కాస్త గంజి తాగింది. కిటికీ తెరవమంది. కెమెరా అడిగింది, కానీ ఎత్తలేకపోయింది. లెన్సు ఒక్కటే విప్పి చేతికిచ్చాను. దాని రింగు తిప్పుతూ కూర్చుంది.

"చూశారా, ఇత్తడి ఇంకాస్త బయటపడింది. ఫ్యాక్టరీలో పూతను పరీక్షించే మీ రుద్దుడు మిషను నా బొటనవేలి ముందు దేనికీ పనికిరాదండీ."

"నీ చేతి చెమటకు ఏ నల్లపూతా ఆగదు," అన్నాను.

"ఉప్పునీళ్లు కలిపి దొంగ చెమట తయారుచేసుకునే బదులు నన్నే జీతానికి పెట్టుకోవాల్సింది!"

నవ్వితే దగ్గొచ్చింది. లెన్సు తిరిగిస్తూ, "తుడిచి పెట్టండి. చిలుము పట్టిందంటే పోయేది మీ పరువే," అంది.

మధ్యాహ్నం నిద్రపోయింది. దీపాలు పెట్టే వేళకు ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ బాధపడలేదు.

తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. పూతల విభాగంలో నాతో పనిచేసే ఒగిసో లేడూ, వాళ్లావిడ ఊరవేసిన ఆకుకూర పంపుతోంది. ఉప్పెక్కువ. ఆదివారం అస్థికలు సమాధిలో పెడతాం. శనివారం రైలుకే రా.

లెన్సుకు కొత్తగా నల్లపూత వేయించి ఇవ్వమన్నావు. ఒగిసో కూడా అన్నాడు, "తెచ్చి పడెయ్యవయ్యా, పెళ్లికూతుర్ని చేసిస్తా," అని. వద్దన్నాను. రింగు మీద మూడు చోట్ల పూత అరిగి ఇత్తడి కనిపిస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. ఆ చోట్ల నా వేళ్లు పెట్టి చూశాను. కుదరలేదు. నీవి కుదరవచ్చు.

శవపేటికలో పెడదామని నువ్వు ఏడిస్తే, లోహం, గాజు వద్దన్నాడు దహనవాటిక మనిషి. అప్పుడు నీకు చెప్పలేదు గానీ, ఆ మాటతో నా ప్రాణం కుదుటపడింది.

ఇంకొకటీ చెప్పలేదు. ఫోనులో నువ్వడిగితే లెన్సు తుడిచేశానన్నాను. తుడవలేదు. అమ్మ ఇచ్చింది ఇచ్చినట్టే తేమ చేరని బీరువాలో పెట్టాను. ఆమె వేలిముద్రలు దానిమీద అలాగే ఉన్నాయి. రోజూ తలుపు తీసి చూస్తాను. ముట్టుకోను.

నిన్న బొటనవేలి ముద్ర పక్కన, పూత అంచు వెంట సన్నటి పచ్చగీత కనిపించింది. చెమట ఆరినా అందులోని ఉప్పు ఊరుకోదు. ఇత్తడిని తింటూ పూత కిందికి పాకుతుంది. తాకిన రోజే తుడవాలని ఊరందరికీ చెప్పే మనిషిని నేను. ఇక వదిలేస్తే పూత పొరలుగా లేస్తుంది. ఆమె ఇన్నేళ్లూ పట్టుకున్న ఆ మూడు చోట్లకూ అంచులు మిగలవు. తుడిస్తే, చివరిసారి పట్టుకున్న గుర్తు పోతుంది.

నువ్వొచ్చేదాకా ఆగుదామనుకున్నాను. ఆ గీత ఆగదు.

రేపు పొద్దున వెలుతురు రాగానే ఆ కిటికీ తెరిచి, అమ్మ లెన్సు తుడుచుకునే గుడ్డతో, అమ్మ చెప్పినట్టు, తుడుస్తాను.

ఇట్లు,
నాన్న