నిస్సా నదీస్నానం

ముట్టడి పదో ఏడు, అంజూరాల నెల, విదియ

మా అక్క నిస్సా పెళ్లి మళ్లీ ఆగింది. గోలంతా పెళ్లికొడుకు ఫెరెస్ వాళ్లమ్మది, నేను పిన్నీ అని పిలిచే ఆవిడది. పెళ్లికూతురు స్కమాండర్ నదిలో మునిగి, నా కన్నెతనం నీకే అని నదికి చెప్పకపోతే అది పెళ్లే కాదట. కోట బయట గ్రీకులున్నారు కదా పిన్నీ, అన్నాను. ఉంటే ఉండనీ, నది మాత్రం మనదే కదే, అంది. ఈ పదేళ్లలో బావినీళ్లతో కానిచ్చిన వాళ్లంతా పెళ్లాలు కాదట, ఉంచుకున్నవాళ్లట! ఆమె నోరు పడిపోను.

తదియ

అక్కకి మూడో నెల.

ఇవాళే చెప్పింది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డని మా ట్రాయ్‌లో గోడ అవతల వదిలేస్తారు. తినడానికే లేని ఈ రోజుల్లో జాలిపడేదెవరు? అసలు నదికి ఏమని చెప్పనే, ఇవ్వడానికి నా దగ్గర ఏం మిగిలిందని, అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

చవితి

ప్రాణాలకి తెగించి ఓ కుండెడు నదినీళ్లు తెస్తానన్నాడట ఫెరెస్. పారకుండా కుండలో కూర్చుంటే అది నదెలా అవుతుందిరా, అని వాళ్లమ్మ కసిరిందట. కడుపు సంగతి అతనికి చెప్పెయ్యవే అని అక్క వెంటపడ్డాను. రేపు యుద్ధానికి వెళ్తున్నాడు, మనసు పాడుచెయ్యకూడదు, రాగానే చెబుతా, అంది.

షష్ఠి

ఫెరెస్ పోయాడు.

సప్తమి, పొద్దున

శవాలు కాల్చుకోడానికి ఇవాళ్టికి యుద్ధం ఆపారు. ఆడవాళ్లు నదికెళ్లి శవాలు కడుక్కోవచ్చట. అక్క లేచి పెట్టెలోంచి పెళ్లి ముసుగు తీసింది. నీకేమైనా పిచ్చెక్కిందా అన్నాను. నది దాకా పోనిస్తున్నారు, మళ్లీ ఎప్పుడు పోనిస్తారే, అంది.

సప్తమి, సాయంత్రం



పిన్ని కొడుకుని ఒడ్డున పడుకోబెట్టి నెత్తురు కడుగుతోంది. అక్క ముసుగేసుకుని కాస్త ఎగువన నీళ్లలోకి దిగింది. అవతలి గట్టున గ్రీకు వెధవలు ఈలలేశారు. పిన్ని తలెత్తి చూసింది. నడుంలోతు నీళ్లలో నిలబడి అక్క అనాల్సిన మాట అనలేదు. ఫెరెస్ బిడ్డ నా కడుపులో ఉంది, దాన్ని మాత్రం తీసుకోకు స్వామీ, అంది. అందరికీ వినపడేలా అంది. ఏడ్చే ఆడవాళ్లు ఏడుపు ఆపేశారు. దేవుడా, అయిపోయింది మా పని అనుకున్నాను.

పిన్ని నన్ను పిలిచి కొడుకు తల నా ఒళ్లో పెట్టింది. నీళ్లలో నడుచుకుంటూ అక్క దగ్గరికెళ్లింది. చంపేస్తుందని అరవబోయాను. నెత్తిన చెయ్యేసి ముంచింది, లేపింది. సరిగ్గా మునగలేదు కోడలుపిల్లా, ఇంకోసారి, అంది.

అష్టమి

ఇవాళ అక్క జుట్టు కోశారు. పెళ్లికూతురికైతే ఒక పాయ. మొగుడు పోయినదానికి మొత్తం.

పిన్నే కోసింది. ముందు ఒక్క పాయ కోసి అక్క చేతిలో పెట్టింది.  తర్వాత మిగతాది కోసింది.