ఒకసారి పోయిన బోసు ఆస్తి పంపకం

తూర్పు గోదావరి జిల్లా ముమ్మిడివరం దగ్గరి కడలి సూరన్న గారి పెద్దకొడుకును, ప్రస్తుతం షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వెల్డరును, ముప్పై ఎనిమిదేళ్ల వాణ్ణి, కడలి సుభాష్ చంద్రబోసు అను నేను, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. నా మతి స్థిమితంగా ఉంది. నేను బతికే ఉన్నాను. ఈ రెండో మాట ఎందుకు రాయాల్సొచ్చిందో ముందు చెబుతాను.

బోసు మా ఇంటిపేరు కాదు. నేతాజీ మీద భక్తితో మా నాన్న పెట్టిన పేరు. పాస్‌పోర్టులో చివర పడేసరికి ఇక్కడి ఆఫీసు దాన్నే ఇంటిపేరు చేసింది. స్టోరు చూసే బెంగాలీ సనత్ చంద్ర బోస్‌కి మాత్రం అది నిజంగానే ఇంటిపేరు. కాగితాల్లో ఇద్దరం ఎస్.సి.బోస్‌లమే. ఆయన గోడకి నాలుగు ఫోటోలుండేవి: నేతాజీ, పద్దెనిమిదేళ్లకే ఉరికంబం ఎక్కిన ఖుదీరాం, మొక్కలకీ స్పందన ఉందని చూపిన జగదీశ్ చంద్ర, కంటికి కనపడని కణాలకి తన పేరొచ్చిన సత్యేంద్రనాథ్. నేను వీళ్ల వంశం కాదని మొదటిరోజే చెప్పేశాను. "ఐదో మేకు కొట్టే ఉంది, నువ్వూ ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. వెల్డింగు చేశాను.

1978 జూలైలో సనత్ బాబు గుండె ఆగి పోయాడు. ఆఫీసు టెలిగ్రామ్ మా ఇంటికి వెళ్లింది. ఇరవై రెండు రోజుల తర్వాత ముదీర్, అంటే ఇక్కడి మేనేజరు, నన్ను పిలిచి మా తమ్ముడి ఉత్తరం చూపించాడు. "నువ్వు పోయావని మీవాళ్లే రాశారు. నీ ఫైలు ఖలాస్" అన్నాడు. అప్పుడు తెలిసింది, కలకత్తాలో ఆయన తల్లికి ఎవరూ చెప్పలేదనీ, మనిషి ఇంకా ఆసుపత్రి ఐసులోనే ఉన్నాడనీ. ముందు ఆవిడకి టెలిగ్రామ్ ఇప్పించి, తర్వాత బతికే ఉన్నానని మా ఇంటికి ఇచ్చాను. అది నేను పోకముందు ఇచ్చిందే, ఆలస్యంగా చేరిందని తమ్ముడు తేల్చాడు. నెల దాటి సెలవు దొరికాక నేనే వెళ్లాల్సొచ్చింది.

కాబట్టి నేను పోతే ఎవరేం చేస్తారో ఊహించే పని లేదు. చూశాను. ఆ ప్రకారమే ఈ పంపకం.

1. తమ్ముడు పెద్దిరాజుకి నా సిల్కు చొక్కా. నేను బస్సు దిగేసరికి అది వాడి ఒంటి మీదే ఉంది. నన్ను చూసి అక్కడే గుండీలు విప్పబోయాడు. ముదీర్‌కి రాసిన ఉత్తరంలో నా శవం ఊసే లేదు, టేప్‌రికార్డర్ గురించి మూడుసార్లు అడిగాడు. అదీ వాడికే. పనిచెయ్యదు.

2. మా నాన్న సూరన్న గారికి నా ఉన్ని దుప్పటి. ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ఆయనొక్కడే "బోసు చావడు. ఇలాంటి కబుర్లు చాలా విన్నాను" అని నా పెద్దకర్మకి కూర్చోలేదు. అసలు బోసు కోసం అప్పటికే ముప్పై మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. నా విషయంలో గెలిచాడు. ఈసారి నేను నిజంగా పోతే ఆయనకి చెప్పకండి.

3. నాలుగు ఫోటోలు మా ఊరి హైస్కూలుకి. సనత్ బాబు సామాన్లన్నీ పంపిస్తే, ఆయన తల్లి ఇవి మాత్రం నాకు తిప్పి పంపింది. తన కొడుకు ఉత్తరాల్లో నన్ను తమ్ముడని రాసేవాడట. వాటి పక్కన ఆయన ఫోటో కూడా పెట్టాలి. ఈయనేం చేశాడని పిల్లలు అడిగితే, అడిగినవాడికి బోల్టు లేదని ఎన్నడూ అనలేదని చెప్పండి.

4. ఇల్లు, అరెకరం కొబ్బరితోట సర్వహక్కులతో నా భార్య గంగాభవానికి. ఈ వీలునామా అమలుచేసే అధికారమూ ఆవిడదే.

అప్పుడు ఊరి ఆడవాళ్లు ఆవిడ గాజులు పగలగొట్టి బొట్టు తీశారు. నేను తిరిగొచ్చాక, మళ్లీ పెట్టుకోవచ్చా అని వీధిలో పంచాయితీ పెట్టారు. ఆవిడ ఎవర్నీ అడగలేదు. నా మొహంలోకి చూసి, లోపలికెళ్లి, బొట్టు పెట్టుకుని వచ్చి "అన్నం తిన్నారా" అంది.

ఎన్నడూ చూడని మనిషి కోసం రెండు నెలలు విధవగా ఉంది. నా కోసం ఉండాల్సింది అందులోనే అయిపోయింది. నేను పోయిన రోజున ఆవిడ బొట్టు మీద, గాజుల మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేసినవాళ్లకి పై ఆస్తిలో చిల్లిగవ్వ చెందదు.

షార్జా, 1981 మార్చి 6, శుక్రవారం.

(సంతకం) కడలి సుభాష్ చంద్రబోసు

సాక్షులు:
1. పిట్టల ఆశన్న, ఫిట్టరు, జగిత్యాల
2. షేక్ ఇమామ్ హుస్సేన్, డ్రైవరు, కడప