చిప్ లేని తాళంచెవి

చిన్నోడా, కారు స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ తీయకు, తోసి చూడకు. మీటర్ దగ్గర తాళం బొమ్మ ఎర్రగా మిణుకుమంటోంది. దొంగ తాళంచెవి అనుకుని కారే ఇంజన్‌ని ఆపేస్తోందట. అమ్మ చదవదులే అనుకున్నావేమో, కారుతో ఇచ్చిన పుస్తకం కూడబలుక్కుని చదివాను. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "తాళంచెవిలో కారు గుర్తుపట్టే చిప్ ఉందో లేదో చూడండమ్మా" అన్నాడు. కత్తి మొనతో విప్పాను. చిప్ ఉండాల్సిన గుంట ఖాళీ. చిప్ దానంతటదే నడిచిపోదు. ఇంట్లో ఉన్నది మనిద్దరమే, నేను తీయలేదు.

మీ నాన్న రోడ్డు మీదే పోయారని నీకు భయం. నాకు మాత్రం లేదా? కానీ ఈ రోజు పిన్నికి కంటి ఆపరేషన్. ఇప్పుడు నేను బస్సులో వెళ్లి, కట్టు కట్టిన కంటితో దాన్ని బస్సులోనే తీసుకురావాలి. నడపొద్దని నా మొహం మీదే చెప్పాల్సింది. చిప్ పీకేసి, నిన్న "జాగ్రత్తగా వెళ్లిరా అమ్మా" అన్నావు చూడు, దానికే నాకు ఒళ్లు మండింది.

ఈ చీటీ చదివాక ఆరేసిన బట్టలు లోపల వెయ్యి.

నీ బైకు తాళంచెవి కోసం ఇల్లంతా వెతక్కు. నాతో తీసుకెళ్తున్న సంచిలో ఉంది. చిప్ తెచ్చి నా చేతిలో పెట్టు, ఇస్తాను.