దిగిన ఓల్టులు

బొబ్బిలి, 14-8-68, బుధవారం

నిరుడు గ్రంథాలయం రేడియో కాలిపోయింది. ఆరు ఓల్టుల రేడియోకి పన్నెండు ఓల్టుల లారీ బ్యాటరీ తగిలించినవాడు కార్యదర్శి సన్యాసి. నింద మాత్రం అంతకు వారం ముందు దాన్ని బాగుచేసిన నాకు.

ఇవాళ కొత్త రేడియోకి పన్నెండు ఓల్టులను ఆరుకి దించేలా నేను తయారుచేసిన పెట్టె బిగిస్తుంటే సన్యాసి అందరి ముందూ నవ్వాడు.

“దెయ్యాన్ని దించినట్టు ఓల్టులు దించేస్తారేటి, మాస్టారూ?”

పెట్టెలో ఉన్నవి ఒక ట్రాన్సిస్టరు, ఒక జీనరు డయోడు. అదే లారీ బ్యాటరీ పెట్టాను. శబ్దం ఎంత పెంచినా మీటరు ముల్లు ఆరు దగ్గరే నిలిచింది.

“దిగినట్టే ఉన్నాది,” అన్నాడు.

“ఓల్టులు దిగాయిరా. నీ పొగరే దిగలేదు.”

అందరూ నవ్వారు. నిరుటి తప్పు నాది కాదని మాత్రం ఒక్కడూ అనలేదు. అనకపోతే పోనీ. పెట్టె మూత మీద నా పేరు పెద్ద అక్షరాలతో రాసి వచ్చాను. ఈసారి కాలితే ఆ నింద నాదే.

కాలదు.