నీళ్ళు నిలిపిన మిద్దె

ఎస్తేరుకు, ప్రభువు కృపవల్ల క్షేమం. నా నోటివల్ల ఈ పని కూడా పోతుందని బెంగపెట్టుకున్నావట. పోలేదు. ఫోనులో చెబితే నమ్మవని కార్డు రాస్తున్నాను.

సర్జాపురలో అపార్ట్‌మెంటు మిద్దె మీద తోట వేస్తున్నాం. మట్టి పోయకముందు మిద్దెకు నీళ్ళు దిగని పూత పూసి, రెండు రోజులు నీళ్ళు నిలిపి కింద ఎక్కడైనా కారుతుందేమో చూడాలి. ఒక రోజుకే సూపర్‌వైజరు గిరిధర్, "సాలప్పా దేవదానం, నీళ్ళు ఇడిసెయ్. మట్టి లారీ వస్తా ఉండాది" అన్నాడు. నేను వెళ్ళి నీళ్ళు పోయే గొట్టం మూత మీద కూర్చున్నాను.

"నోవహు ఓడకు నీళ్ళు రాకుండా లోపలా బయటా కీలు, అదే తారు, పూసినాడు సార్! మనం ఇంకో దినం ఆగలేమా?"

"ఇది ఓడ కాదు కదప్పా! లేస్తావా, ఊరికి పోతావా?"

లేవలేదు. మర్నాడు కింది పడకగది కప్పులో తడి మచ్చ తేలింది. గిరిధర్ పైకి వచ్చి, "ఇంక నువ్వు సరే అంటేనేప్పా మట్టి పోసేది" అన్నాడు.

గంగవాయిలి కూర గింజలు పిడికెడు పంపు, నాలుగంగుళాల మట్టిలో అది బాగా బతుకుతుంది. మేక ఈనిందా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? సాయంత్రం ప్రార్థన మానొద్దు. దేవుడు మిమ్మల్ని కాచుగాక. క్రిస్మసుకు వస్తాను. ఈసారి పెట్టె సర్దుకుని కాదు, చేతిసంచితో.

నీ దేవదానం